ఊరి చెరువు ఊరి చేతుల్లో



కామారెడ్డి నుంచి నిజామాబాద్ వెళ్లే దారిలో సదాశివనగర్ ఉంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే సాగుతుంది. రాత్రీ పగలూ లారీలు, బస్సులు ఆగకుండా పోతుంటాయి. ఆ వాహనాల్లో కూర్చున్న చాలామందికి సదాశివనగర్ అంటే దారి పక్కన బోర్డు మీద కనిపించే ఒక పేరు. తెలంగాణ చెరువుల చరిత్ర రాసేవాళ్లు మాత్రం ఈ ఊళ్లో దిగి తీరాలి. 2015 మార్చి 12న చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైంది ఈ ఊరి పాత చెరువు దగ్గరే.

అప్పటికి తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఏడాది కూడా నిండలేదు. సదాశివనగర్ ఇంకా నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. కామారెడ్డి జిల్లా ఆ తర్వాతి సంవత్సరం దసరాకు, 2016 అక్టోబరు 11న పుట్టింది. మొదటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు పాత చెరువు దగ్గర పూడికతీతకు శ్రీకారం చుట్టారు. రాష్ట్రంలో లెక్కతేలిన 46 వేలకు పైగా చెరువులనూ కుంటలనూ ఏటా అయిదో వంతు చొప్పున అయిదేళ్లలో బాగుచేయాలన్నది ఆనాటి సంకల్పం. గోదావరి, కృష్ణా పరీవాహక ప్రాంతాల్లో చిన్ననీటి వనరులకు కేటాయించిన 265 టీఎంసీల నీళ్లు చెరువుల్లోకి చేరాలన్నది లక్ష్యం. ‘మన ఊరు – మన చెరువు’ అని ఆ పథకానికి పేరు పెట్టుకున్నారు.

చెరువులో పూడిక తీసే పని ప్రభుత్వం చేయించగలదు. ఒక్క ఎండాకాలంలో అది అయిపోతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు ఆ చెరువును చూసుకోవాల్సింది ఊరు. ఈ రెండో పని ఎవరు చేస్తారు, దానికి ఏమేం కావాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ముందు ఈ నేల సంగతి చెప్పుకోవాలి. కామారెడ్డి ప్రాంతం దక్కన్ పీఠభూమిలో భాగం. పైన పలుచని మట్టి, కింద గట్టి రాయి. వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. కురిసిన నీరు రాతి మీద నుంచి జారి వాగుల్లో పడి వెళ్లిపోతుంది. ఆ నీటిని దారిలోనే ఆపుకోకపోతే సంక్రాంతి నాటికి బావులు అడుగంటుతాయి. అందుకే మన పెద్దలు రెండు గుట్టల నడుమ పల్లం చూసి కట్ట వేశారు. పై ఊరి చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువుకు చేరతాయి. అది నిండితే ఇంకో కింది చెరువు. ఇట్లా ఒకదాని వెంట ఒకటి ఉన్నవే గొలుసుకట్టు చెరువులు. ఈ ఏర్పాటులో ఏ చెరువూ ఒంటరిది కాదు. పైన ఒక కాలువ పూడిపోతే కింద రెండు ఊళ్ల పొలాలు బీడు పడతాయి.

ఈ విద్య కాకతీయుల కాలానికే పండిపోయింది. గణపతిదేవుడి ఏలుబడిలో వరంగల్ చుట్టుపక్కల పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు వెలిశాయి. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా వాటి కింద ఇప్పటికీ వరి పండుతోంది. గుడి కట్టినచోట చెరువు తవ్వించడం, చెరువు ఉన్నచోట ఊరు నిలపడం ఆనాటి పాలకులకు, వాళ్ల సామంతులకు అలవాటు. రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గుడి పక్కనే ఉన్న చెరువు ఏ గుర్తింపూ అడగకుండా ఏటా ఆయకట్టుకు నీళ్లిస్తూనే ఉంది.

నిజాముల కాలంలో కామారెడ్డి వైపు కూడా గట్టి పనులే జరిగాయి. 1922లో పోచారం ప్రాజెక్టు పూర్తయింది. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. దాని వెనుక ఉన్న ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఈ రెండూ ఇప్పటి కామారెడ్డి జిల్లా రైతులకు ప్రాణాధారాలు. వాటికంటే ముందే, 1897లో, కామారెడ్డి పెద్దచెరువు తయారైంది. 2018లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. కెనడాలోని సాస్కటూన్ నగరంలో జరిగిన సమావేశంలో నిర్మల్ జిల్లా సదర్‌మాట్ ఆనకట్టకు, కామారెడ్డి పెద్దచెరువుకు కలిపి ఆ గౌరవం దక్కింది. మన దేశం నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి కట్టడాలు ఈ రెండే. ఊరివాళ్లు రోజూ కట్ట మీద నడిచిపోయే చెరువుకు ప్రపంచ పటంలో చోటు దొరికింది.

చెరువును సాగునీటి గుంతగా మాత్రమే చూస్తే ఊరు అర్థం కాదు. రైతుకు అది ఆయకట్టు. గంగపుత్రులకు, ముదిరాజులకు అది చేపల బతుకు. కుమ్మరికి మట్టి అక్కడిదే. చాకలివాళ్ల రేవు అక్కడే. కట్ట మీది ఈత చెట్లు, తాటి చెట్లు గౌడన్నలకు జీవనం. గొల్ల కుర్మల మందలు మధ్యాహ్నం ఆగేది అక్కడే. కట్ట చివర కట్టమైసమ్మ ఉంటుంది. చెరువు నిండి మత్తడి పారిన రోజు ఊరు ఊరంతా కదిలి వెళ్లి అమ్మవారికి మొక్కుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడపిల్లలు తంగేడు, గునుగు పూలు పేర్చి, ఆడి పాడి, చివరికి చేరేది చెరువు గట్టుకే. పెళ్లయి వెళ్లిన బిడ్డ పండక్కి పుట్టింటికి వచ్చిందంటే ఆమెకు ఊరంటే ఆ గట్టు కూడా. చెరువు ఎండిన ఊళ్లో బతుకమ్మను నీళ్ల తొట్టిలో వదలాల్సి వస్తే ఆ లోటు ఏ లెక్కల్లోనూ కనిపించదు, అయినా ప్రతి ఇంటికీ తెలుస్తుంది.

ఇంతమంది బతుకులు ఒక నీటి మీద ఆధారపడినప్పుడు తగాదాలు రాకుండా ఉండవు. అందుకే ఊళ్లో నీరడి ఉండేవాడు. తూము తీయడం, మూయడం అతని పని. పాత చెరువుల తూమును దగ్గర నుంచి చూసినవాళ్లకు అందులోని తెలివి అర్థమవుతుంది. చెరువు లోపల, కట్టకు కొంచెం ఎడంగా రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు. పలకల నడుమ రంధ్రాల్లోంచి ఒక పొడవాటి కర్ర దిగుతుంది. ఆ కర్ర చివరన ఉన్న బిరడా నీటి అడుగున తూము నోటిని మూస్తుంది. నీరడి నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి కర్రను ఇంత పైకి లేపితే ఇన్ని ఎకరాలకు నీరు. ఎంత లేపాలో, ఎన్ని గంటలు తెరిచి ఉంచాలో, ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అన్నది అతనికి నోటికి వచ్చు. యాసంగికి నీళ్లు తక్కువైతే ఊరి పెద్దలు కూర్చుని తైబందీ చేసేవాళ్లు. అంటే ఉన్న నీటికి ఎన్ని ఎకరాలు తడుస్తాయో లెక్కగట్టి, అంతవరకే నాట్లు వేయాలని నిర్ణయించేవాళ్లు. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు నీరడి వాటా ప్రతి రైతూ తీసిపెట్టేవాడు.

ఆ ఏర్పాటులో అన్యాయాలు లేవని చెప్పలేం. తూము దగ్గరి మడి ఎక్కువగా పెద్దకులాల వాళ్లదే. నీళ్లలో దిగి కర్ర లేపేది మాత్రం దళితుడు, లేదా వెనుకబడిన కులంవాడు. తైబందీ పెద్దలు గడీల నీడలో నిర్ణయాలు చేసిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఈ సంగతి మరిచిపోయి పాత కాలాన్ని తలుచుకుంటే రేపటి ఏర్పాటులోకి అదే అన్యాయం మళ్లీ వస్తుంది. చెరువును కాపాడిన బాధ్యతను తీసుకోవాలి, దాని వెనకాల ఉన్న దొరతనాన్ని వదిలిపెట్టాలి.

1980లలో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. అది పోవడం మంచిదే. కానీ దానితో పాటే నీరడి కూడా క్రమంగా ఊరి మనిషి స్థానంలోంచి తప్పుకుని, గ్రామ సేవకుడు, తర్వాత వీఆర్ఏ అయ్యాడు. ఆఫీసు పనులకు తిరిగాడు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం వీఆర్ఏలను రెగ్యులరైజ్ చేసి, నీటిపారుదలతో సహా వేరే శాఖల్లోకి తీసుకుంది. వాళ్లకు ఉద్యోగ భద్రత దక్కింది, అది న్యాయం. తూము దగ్గర మాత్రం ఎవరూ మిగల్లేదు. అంతకు చాలా ముందే, 1997లో, రైతుల యాజమాన్యంలో సాగునీటి వ్యవస్థల చట్టం తెచ్చి నీటి సంఘాలు పెట్టారు. 2007లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక చెరువుల యాజమాన్య పథకం మొదలైంది. నీటి సంఘాల ఎన్నికలు ఆగిపోయాక అవి చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయాయి.

ఈలోగా బోరు వచ్చింది. బోరు ఉన్న రైతుకు చెరువు అక్కర్లేదన్న భావం బలపడింది. తన పొలంలో తన మోటారు. ఎవరితో తగాదా లేదు, ఎవరిని అడగాల్సిన పని లేదు. చెరువు నిండకపోతే భూమిలో నీరు ఊరదని, కొన్నాళ్లకు ఆ బోరే ఎండుతుందని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఈలోగా చెరువులో తుమ్మచెట్లు మొలిచాయి. కాలువలు పొలాల్లో కలిసిపోయాయి. చెరువు అడుగు నేలలైన శిఖం భూములు పంట పొలాలయ్యాయి, పట్టణాల దగ్గరైతే ప్లాట్లయ్యాయి. నీళ్లూ నేలా చెట్లూ కాపాడాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. చట్టం ఉన్నా, ఊళ్లో అడిగేవాళ్లు లేనిచోట అది నిలబడలేదు.

మిషన్ కాకతీయ ఈ పరిస్థితిలో వచ్చింది. ఆ ఎండాకాలం తెలంగాణ పల్లెల్లో కనిపించిన దృశ్యం ఇప్పటికీ చాలామందికి గుర్తుంటుంది. చెరువు అడుగున ఎక్స్‌కవేటర్ నల్లటి ఒండ్రుమట్టిని ఎత్తి ట్రాలీలో పోస్తుంది. ట్రాక్టర్లు వరుస కట్టి నిలబడతాయి. తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తరలించే ఖర్చు రైతుది. ఈ ఒక్క షరతు పథకానికి ప్రాణం పోసింది. రైతు తన డీజిలు ఖర్చుపెట్టుకుని మట్టి తోలుకుంటున్నాడంటే ఆ మట్టి విలువ అతనికి తెలుసన్నమాట. ఎర్రచెల్క, దుబ్బ నేలల్లో నీరు నిలవదు. ఒండ్రు వేస్తే నేల తడిని పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి పై పొలాల నుంచి కొట్టుకొచ్చిన సారమంతా ఆ మట్టిలోనే ఉంటుంది. పూడిక మట్టి వేసిన పొలాల్లో రసాయన ఎరువుల వాడకం 35 నుంచి 50 శాతం తగ్గిందని నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ అధ్యయనంలో తేలింది.

అంటే ఒకే పనితో చెరువుకు లోతు వచ్చింది, పొలానికి బలం వచ్చింది, రైతుకు ఎరువుల ఖర్చు తగ్గింది. పెద్ద పెద్ద సిద్ధాంతాల్లో చెప్పే సుస్థిర అభివృద్ధి ఊళ్లో కనిపించేది ఇట్లాగే. 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలయ్యాక మత్స్య సహకార సంఘాలకూ ఆదాయం కనిపించింది.

లోటుపాట్లూ మిగిలాయి. కట్టను బలపరచడం, మత్తడికి మరమ్మతు చేయడం కళ్లకు కనిపించే పనులు, టెండరుకు లొంగే పనులు. చెరువులోకి నీరు తెచ్చే వాగు, కాలువ పై ఊళ్లోనో, ఎవరి పట్టా పొలంలోనో ఉంటాయి. వాటిని తెరిపించాలంటే రెండు ఊళ్ల మధ్య మాట కుదరాలి, నలుగురు రైతులు ఒప్పుకోవాలి. ఆ పని కాంట్రాక్టర్ చేయలేడు, ఊరే చేయాలి. చెరువు నిండు మట్టం ఎక్కడిదాకా అన్న హద్దురాళ్లు నాటడం కూడా అలాంటి పనే. రాళ్లు నాటిన రోజు ఊరు అక్కడ నిలబడి చూడకపోతే మరుసటి ఏడాదికి ఆ రాళ్లు మాయమవుతాయి.

సదాశివనగర్ మండలానికి పెద్ద నీటి పథకాల ఆశ కూడా ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం 22వ ప్యాకేజీలో మండలంలోని భూంపల్లి దగ్గర జలాశయం ప్రతిపాదన ఉంది. దానికి ముందున్న ప్రాణహిత–చేవెళ్ల పథకం నాటి నుంచీ ఆ పని గురించి వింటున్న రైతులు ఎంతోమంది. పెద్ద కాలువ వచ్చిననాడు ఆ నీటిని నిలుపుకునేది కూడా ఊరి చెరువులే. అప్పటికి గొలుసు తెగకుండా ఉంటేనే ఆ నీళ్లు కింది ఊరిదాకా పారతాయి.

ఊరిని అడగకుండా నిర్ణయాలు చేస్తే ఏమవుతుందో కూడా ఈ మండలం చూసింది. ఇక్కడి అడ్లూర్ ఎల్లారెడ్డి పేరు 2023 జనవరిలో రాష్ట్రమంతా మారుమోగింది. అడ్లూర్ ఎల్లారెడ్డి చెరుకు పండే నేల. గాయత్రి షుగర్స్ ఫ్యాక్టరీ ఉన్నది ఈ ఊరి దగ్గరే. ‘కామారెడ్డి బెల్లం’ అన్న పేరు నిలబెట్టిన పంట ఈ చుట్టుపక్కలదే. కామారెడ్డి మునిసిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా 2022 చివరలో బయటికి వచ్చింది. అడ్లూర్ ఎల్లారెడ్డి, టేక్రియాల్, ఇల్చిపూర్ తదితర ఊళ్ల సాగుభూములను అందులో పారిశ్రామిక జోన్‌గా, వంద అడుగుల రోడ్డుగా చూపించారు. రెండు పంటలు పండే తమ భూమి మ్యాపులో వేరే రంగులోకి మారిపోయిందని రైతులకు ఆలస్యంగా తెలిసింది. భూమి పోతుందన్న దిగులుతోనే అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడని కుటుంబసభ్యులు, తోటి రైతులు చెప్పారు. మరుసటి రోజు వేలాదిమంది కలెక్టరేట్ ముందుకు చేరారు. కుటుంబాలు కుటుంబాలే వచ్చాయి. చివరికి జనవరి 20న మునిసిపల్ కౌన్సిల్ సమావేశమై ఆ మాస్టర్ ప్లాన్‌ను రద్దు చేస్తూ తీర్మానించింది.

పట్టణం పెరగకూడదని ఎవరూ అనరు. కామారెడ్డి జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు వచ్చాయి, ఆసుపత్రి, కాలేజీలు కావాలి. యువతకు ఉద్యోగాలు కావాలి. పరిశ్రమకు చోటు కూడా కావాలి. ఆ చోటు ఎక్కడ అని నిర్ణయించే సమావేశంలో భూమి దున్నేవాడికి కుర్చీ ఉండాలి. ఏ మడి రెండు పంటలది, ఏ గుట్ట పక్కన బీడు ఉంది, వాన నీరు ఏ దారిలో పారుతుంది, ఏ చెట్టు కింద బోనాలు దించుతారు అన్నది ఉపగ్రహ చిత్రంలో కనిపించదు. మ్యాపు గీసేముందు ఆ రైతులను పిలిచి మాట్లాడి ఉంటే, మ్యాపు గీశాక రద్దు చేయాల్సిన అవసరం వచ్చేది కాదు. ఒక కుటుంబానికి ఆ దుఃఖం మిగిలేదీ కాదేమో.

చెరువు, భూమితో పాటు ఊరి గుర్తులను నిలుపుకోవడంలో ఈ జిల్లాకు మంచి ఉదాహరణ దోమకొండ. అక్కడి సంస్థానపు కోట ఒకప్పుడు శిథిలాల్లోకి జారిపోతూ వచ్చింది. వారసుల కుటుంబం చొరవ తీసుకుని నిపుణులతో, స్థానిక పనివాళ్లతో కలిసి ఏళ్లపాటు ఓపిగ్గా బాగుచేయించింది. 2022లో ఆ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. సదాశివనగర్ పక్కనే ఉన్న రామారెడ్డి, ఇసన్నపల్లిల కాలభైరవ స్వామి గుడి ఈ ప్రాంతానికి మరో గుర్తు. గుడికి వచ్చే భక్తులు, కోట చూడ్డానికి వచ్చే యాత్రికులు, పెద్దచెరువు కట్ట మీద నడిచే పట్టణవాసులు ఒకే దారిలో కలిస్తే ఊళ్లో చిన్న చిన్న ఉపాధులు పుడతాయి. వీటిని ఎవరో వచ్చి కొత్తగా కట్టివ్వాల్సిన పని లేదు, ఉన్నవి చెడిపోకుండా చూసుకుంటే చాలు.

చెరువును పోగొట్టుకున్నాక తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో హైదరాబాద్‌ను అడిగితే తెలుస్తుంది. అంబర్‌పేటలో బతుకమ్మకుంట చాలాకాలం పేరుకే కుంట. చెత్త, మట్టి కప్పేసిన ఆ చోటును 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థ తవ్వించి, నీళ్లు నింపి, 2025 సెప్టెంబరు 28న బతుకమ్మ పండుగ వేళ తిరిగి తెరిపించింది. ఆ చోటు ఒకప్పుడు కుంట అని, అక్కడ బతుకమ్మలు వదిలేవాళ్లమని చుట్టుపక్కల పెద్దవాళ్లు మరిచిపోలేదు కాబట్టే అది సాధ్యమైంది. నగరంలో కోర్టులు, యంత్రాలు, కోట్ల రూపాయలు కావాల్సివచ్చిన పని పల్లెలో ఇప్పుడైతే హద్దురాళ్లతో అయిపోతుంది.

2025 ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వాన ఇంకో పాఠం చెప్పింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కాలనీల్లో నీళ్లు నిలిచాయి. చెరువులకు, కుంటలకు గండ్లు పడ్డాయి. వందేళ్ల నాటి పోచారం ఆనకట్ట మాత్రం తనకు రాసిపెట్టిన సామర్థ్యాన్ని మించిన వరదను మోసి నిలబడింది. ఆ వాన ఎవరూ ఆపగలిగింది కాదు. కానీ వాగుకు వాగు దారి, మత్తడికి మత్తడి దారి తెరిచి ఉన్నచోట నష్టం తక్కువగా ఉంటుంది. నీరు పోయే దారిలో ఇళ్లు, ప్లాట్లు లేచినచోట అదే నీరు ఇళ్లలోకి వస్తుంది. చెరువు కరువుకే కాదు, వరదకూ కాపు.

పొరుగు రాష్ట్రం మహారాష్ట్రలో హివ్రేబజార్ అన్న చిన్న ఊరుంది. ఇప్పుడు అహిల్యానగర్ అని పిలుస్తున్న పాత అహ్మద్‌నగర్ జిల్లాలో, వాన తక్కువ పడే చోట. 1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచి అయ్యాక ఊరు నీటి లెక్క రాయడం మొదలుపెట్టింది. ఏటా వానలు ముగిశాక గ్రామసభ కూర్చుంటుంది. ఎంత కురిసింది, భూమిలో ఎంత ఇంకింది, మనుషులకు, పశువులకు ఎంత పోగా సాగుకు ఎంత మిగులుతుంది అని లెక్కగడుతుంది. దాన్నిబట్టే ఏ పంట వేయాలో నిర్ణయిస్తారు. సాగు కోసం బోర్లు వేయకూడదని, చెరుకు లాంటి నీటి పంటలకు పోకూడదని ఊరే కట్టుబాటు చేసుకుంది. వలసపోయిన కుటుంబాలు తిరిగి వచ్చాయి. పవార్‌కు 2020లో పద్మశ్రీ వచ్చింది. మన తైబందీ కూడా ఈ లెక్కే. అక్కడ పెద్దల చావడిలో కాకుండా గ్రామసభలో, ఆడవాళ్లూ చిన్న రైతులూ కూర్చున్నచోట ఆ లెక్క జరుగుతుంది. శ్రీలంక ఎండప్రాంతాల్లోని గొలుసుకట్టు చెరువుల ఊళ్లను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన గొలుసుకట్టుకు అది బంధువే.

ఇప్పుడు సదాశివనగర్ లాంటి మండలంలో ఏం చేయొచ్చు?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. పాలకవర్గాల గడువు ముగిసి, 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. 2025 డిసెంబరు ఎన్నికలతో ఊళ్లకు మళ్లీ సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. వానాకాలానికి ముందు ఒక గ్రామసభ, వానలు ముగిశాక ఒక గ్రామసభ పూర్తిగా చెరువు కోసమే పెట్టుకోవచ్చు. మొదటి సభలో కాలువల పూడిక, కట్ట మీది బొరియలు, తూము బాగోగులు చూసుకోవాలి. ఉపాధి హామీ పనుల్లో చెరువు కాలువలను ముందు వరుసలో రాయించాలి. రెండో సభలో చెరువులో నీరు ఎంత, యాసంగిలో వరి ఎన్ని ఎకరాలు, ఆరుతడి పంటలు ఎన్ని ఎకరాలు అని తేల్చుకోవాలి. మొక్కజొన్న, సోయా, పసుపు, కూరగాయలు ఈ ప్రాంతానికి తెలిసిన పంటలే.

చెరువు నిండు మట్టం హద్దు, నీరు వచ్చే వాగులు, పోయే మత్తడి దారి ఒక పెద్ద పటంగా గీసి పంచాయతీ గోడ మీద రాయించాలి. సర్వే నంబర్లతో సహా. అది గోడ మీద ఉంటే కబ్జాకు చూసేవాడు అందరి ముందూ చూడాల్సివస్తుంది. బడి పిల్లలు ఆ పటం చూసి తమ ఊరి చెరువుకు నీళ్లు ఏ ఊరి నుంచి వస్తాయో నేర్చుకుంటారు. గొలుసులోని మూడు నాలుగు ఊళ్ల సర్పంచులు ఏడాదికోసారి కలిసి కూర్చుంటే కాలువల తగాదాలు పోలీస్ స్టేషన్‌దాకా పోవు.

చివరిగా, తూము దగ్గర ఒక మనిషి కావాలి. కులం మీద వచ్చిన పని కాకుండా, గ్రామసభ ఎంపిక చేసి, పంచాయతీ నిధుల నుంచి నెలనెలా గౌరవంగా జీతమిచ్చే మనిషి. ఆడవాళ్లయినా సరే, దళితులైనా సరే, ఎవరైనా సరే. చేపల వేలం డబ్బులో కొంత భాగం చెరువు ఖాతాలోనే జమచేస్తే ఆ జీతానికి, చిన్న చిన్న మరమ్మతులకు సరిపోతుంది. పాత చెరువు దగ్గర మొదలైన పని పదేళ్లు దాటింది. ఏటా జూన్ రాకముందే ఆ గ్రామసభ నోటీసు పంచాయతీ ఆఫీసు గోడకు అతికించి, ఎజెండాలో మొదటి అంశంగా చెరువును రాయాల్సిన బాధ్యత కొత్త సర్పంచులది. ఆ రోజు పని మానుకునైనా వెళ్లి కూర్చోవాల్సిన బాధ్యత ఊరివాళ్లది.